మేస్త్రీగారూ, మా ఇల్లు చూస్తారా?

ఫోన్ మోగేటప్పటికి నేను పెళ్ళి ఆల్బమ్‌ను మూడో ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడి వేస్తున్నాను.

"పిట్టా! మంచి కబురు," అన్నాడు మా ఆయన. నేను ఆపకుండా మాట్లాడతానని పెళ్ళయిన మూడో రోజే నాకా పేరు పెట్టాడు. "తుఫాను నడక తగ్గించిందట. రేపు రాత్రి దాకా తీరం దాటదు. మనకొక రోజు దొరికింది. ఈ పూట ఇంటికి వెళ్ళమన్నారు, మళ్ళీ రేపు మధ్యాహ్నం నుంచి డ్యూటీ."

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. మా పెళ్ళయి ఇరవై ఆరు రోజులు. అందులో నాలుగు రోజులు తుఫాను పుణ్యమా అని ఆఫీసులోనే పడుకున్నాడు. ఒక రోజు అంటే ఒక సాయంత్రం, ఒక భోజనం, రెండు టీలు. ఆల్బమ్‌ను గుండెకు హత్తుకుని గిర్రున తిరిగాను.

"నాన్న ఏమన్నారు?" అని అడిగాడు గొంతు తగ్గించి.

"రానన్నారు."

"నువ్వే ఏదో ఒకటి చెయ్యి. నాకు హై టెన్షన్ వైరంటే భయం లేదు గానీ ఆయనతో నా వల్ల కాదు. మీరు ముగ్గురూ ఆ లైబ్రరీలో ఉన్నారని తెలిస్తేనే నా కాళ్ళు స్తంభం మీద నిలుస్తాయి. లేకపోతే ధ్యాసంతా ఇంటి మీదే ఉంటుంది. ఆ పనిలో ధ్యాస తప్పితే..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. నాకు పూర్తిగానే వినిపించింది.

మాది రేకుల ఇల్లు. రెండు వీధుల అవతల ఉన్న లైబ్రరీకి స్లాబు కప్పు. మా వీధి వాళ్ళందరికీ దాన్ని తెరిచి పెట్టారు. అత్తయ్య మూట పొద్దుటి నుంచీ గుమ్మం పక్కనే ఉంది. మామయ్య మాత్రం వరండాలో కూర్చుని, ఆకాశం సంగతితో తనకు సంబంధం లేనట్టు, ఎవరిదో కిటికీ రెక్కను చిత్రిక పడుతున్నాడు.

"మా పెళ్ళికే గంట ఆలస్యంగా వచ్చిన మనిషి," అంది అత్తయ్య నాతో, ఆయనకు వినపడేలా. "ఎవరింట్లోనో తలుపు బిగిస్తూ కూర్చున్నారట. ఈయన తుఫాను కోసం పరిగెత్తుతారా?"

"ఆ రోజు బిగించిన తలుపు ఇప్పటికీ కిర్రుమనలేదు," అన్నాడు మామయ్య తల ఎత్తకుండా. "ఈ ఇల్లు నా చేతులతో కట్టాను. ముప్పై రెండేళ్ళలో మూడు తుఫాన్లు చూసింది. నాలుగోది వస్తే రానీ. అదీ ఉంటుంది, నేనూ ఉంటాను. తేల్చుకుంటాం."

నిజం చెప్పొద్దూ, చప్పట్లు కొట్టాలనిపించింది. అయినా ఫోన్‌లో తుఫాను బొమ్మ తీసి చూపించాను.

"ఆ రంగుల సుడి నాకెందుకమ్మా? దానికి నా ఇల్లు తెలుసా?"

"ఆయన ఉంటే నేనూ ఉంటాను," అని అత్తయ్య మూటను గుమ్మం దగ్గర నుంచి తీసి మళ్ళీ మంచం కింద పెట్టేసింది. ఇక నేను వాళ్ళిద్దరినీ వదిలి ఎలా వెళ్తాను? అంటే ముగ్గురం ఇక్కడ, ఆయన గాలిలో, స్తంభం మీద. కుదరదు. తుఫానైనా సరే, మామయ్య అయినా సరే, కుదరదంటే కుదరదు.

మామయ్య వడ్రంగి మేస్త్రీ. వారం నుంచీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి తలుపులూ దూలాలూ చూస్తున్నాడు. ఆయన పద్ధతి ఒకటే. ముందు వేలి కణుపుతో కొట్టి వింటాడు. అనుమానమొస్తే సన్న ఉలి గుచ్చి చూస్తాడు. ఏం తేలితే అది మొహం మీదే చెబుతాడు. నిన్న దర్జీతో "నీది తలుపు కాదు, బిస్కెట్టు" అన్నాడు. దర్జీ మొహం ముడుచుకున్నాడు గానీ, సాయంత్రానికల్లా మిషనుతో సహా లైబ్రరీ చేరాడు. గిరాకీకి మామయ్య అబద్ధం చెప్పడు. ఆయన ఉలి పట్టుకుని చూడని ఇల్లు మా వీధిలో ఒక్కటే మిగిలింది.

చెప్పులేసుకుని బయటికి వెళ్ళి, గేటు మూసి, గడియ టకటకలాడించాను.

"మేస్త్రీగారూ! ఉన్నారా?"

మామయ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు. చిత్రిక ఆగింది.

"ఎవరమ్మా?"

"కొత్తగా పెళ్ళయినవాళ్ళం అండీ. ఈ ఇంట్లో దిగి ఇరవై ఆరు రోజులు. తుఫాను వస్తోందంటున్నారు. మా ఇల్లు ఒకసారి చూస్తారా?"

"కట్టిందెవరు?"

"ఎవరో మొండి మేస్త్రీ అండీ."

లోపల అత్తయ్యకు నవ్వుతో పొలమారింది. మామయ్య మీసం కదిలింది. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, ఉలి తీసుకుని లేచాడు. గిరాకీ పిలిస్తే కూర్చోవడం ఆయనకు చేతకాదు.

వీధి తలుపు కొట్టి విన్నాడు. "గట్టిది." కిటికీలు ఊపాడు, కదల్లేదు. "కట్టినవాడు పనిమంతుడే," అన్నాడు నా వైపు ఓరగా చూస్తూ. నడింట్లో స్టూలు ఎక్కి దూలం మీద కొట్టాడు. ఠక్. ఇంకో జానెడు అవతల, ఠక్. వంటింటి గోడ దగ్గరకొచ్చేసరికి చప్పుడు మారింది. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

ఆయన ఉలి గుచ్చాడు. నొక్కనక్కర్లేకుండానే రెండు వేళ్ళ లోతు దిగింది. చెద మట్టి రాలి కళ్ళజోడు మీద పడింది.

ఎవరం నవ్వలేదు. ఆట ఇక్కడితో ఆపేద్దామనిపించింది. ఆపితే ఆయన మళ్ళీ మామయ్య అయిపోతాడని భయమేసింది.

"ఏం మేస్త్రీగారూ, ఉండొచ్చా?"

ఆయన దిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"ఉండకూడదమ్మా," అన్నాడు చివరికి, నాతో కాదు, దూలంతో. "గట్టిగాలికి గంట కూడా ఆగదు."

అలాగే స్టూలు మీద కూలబడ్డాడు. అత్తయ్య ఏదో ఒకటి అంటుందనుకున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"ముప్పై రెండేళ్ళు మోసింది కదండీ. దాన్ని ఇంకేం చెయ్యమంటారు?"

నీళ్ళన్నీ తాగి, చెంబు కింద పెట్టి లేచాడు. "అలాగని ఊరికే ఒప్పజెప్పేస్తానా?" అంటూ వరండాలోకి నడిచాడు. అక్కడ దుప్పటి కింద రెండు పొడవాటి టేకు చెక్కలున్నాయి. మా మంచం కోసం తెచ్చినవి, ఇంకా కొయ్యలేదు. టేపు పరిచి కొలిచాడు. నేల నుంచి దూలం దాకా సరిపోయి, ఇంకా మిగులుతాయి.

"అమ్మాయ్, మీ మంచం కొన్నాళ్ళు ఆగాలి."

"మాకు చాప మీదే హాయిగా ఉంది మామయ్యా!" అనేశాను. అత్తయ్య దగ్గుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా చెవులు వేడెక్కాయి. అయినా వదల్లేదు. "ఈ ఊతలు పెట్టేసి, ఇక ఉండొచ్చంటారేమో?"

"ఊత ఇంటికమ్మా, మనుషులకు కాదు. గిరాకీకి అబద్ధం చెబుతానా?"

సాయంత్రం మా ఆయన సైకిలు దిగుతూనే కళ్ళతో అడిగాడు. నేను చెప్పేలోపే మామయ్య గుమ్మంలోకి వచ్చి, వీధంతటికీ వినిపించేలా అందుకున్నాడు.

"రేపు ఆరింటికి లేస్తున్నాం. నువ్వూ నేనూ దూలం కింద రెండు ఊతలు బిగిస్తాం. రేకుల మీద తాళ్ళు నువ్వు కట్టాలి, ఎక్కే పని నీది. మీ అమ్మ మంచినీళ్ళు, మందులు చూసుకుంటుంది. తొమ్మిదింటికి మెయిన్ తీసేస్తావు. పదింటికి తాళం నేనే వేస్తాను. కప్పు పీకుతుందో ఏం చేస్తుందో చెయ్యనీ, ఆ గాలికి ఈ ఇంట్లో ఒక్క మనిషి దొరకడు. ఎల్లుండికి నా చేతులు నా దగ్గరే ఉంటాయి, పోయింది మళ్ళీ కట్టుకుంటాను. ఇక నువ్వు, పిట్టా," అని నా వైపు తిరిగాడు. ఆయన నన్నలా పిలవడం అదే మొదటిసారి. "ఉన్న ఒక్క టార్చీనీ ఆ ఏడు సంచుల్లో ఎందులో కట్టేశావో, రేపు పదిలోగా కనిపెట్టు."