ముత్తమ్మ ఇంటి పరదా

నా పేరు రాజారత్నం. నాటకాల కంపెనీలో పరదాల మీద బొమ్మలు వేసేవాణ్ణి. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటే. నా దర్బారు పరదా దిగితే నేల మీద కూర్చున్న కూలిజనం కూడా నడుం నిటారు చేసుకునేవాళ్లు. జైలు పరదా దిగితే ఏడ్చే పిల్లలు సైతం గప్‌చుప్. ఊరూరా మేం దిగే కిరాయి గదిలో మాత్రం మసి పట్టిన గోడలు, ఒక్క కిటికీ. "ఊరందరికి మేడలు కడ్తవ్. మన గోడకు సున్నమన్న కొట్టవ్" అని నా భార్య దేవమ్మ దెప్పేది.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది చలికాలంలో కంపెనీ మిర్యాలగూడలో మకాం వేసింది. అప్పటికి దేవమ్మకు క్షయ ముదిరి మంచం పట్టింది. కోదాడ దగ్గరి పల్లెలో ఉన్న తల్లిని, పుట్టింటిని చూడాలని ఒకటే కలవరింత. ఆ ఇల్లు లేదు. వానాకాలంలో రజాకార్లు ఊరికి నిప్పు పెట్టినప్పుడు మా అత్త ముత్తమ్మ ఆ ఇంట్లోనే కాలిపోయింది. మేం సూర్యాపేటలో ఆడుతుండగా ఆ ఊరి సోమ్లా వచ్చి నాకు చెప్పాడు. దేవమ్మ తట్టుకోలేదని నేను దాచాను. "తొవ్వలు బందున్నయ్. తెరవంగనే మీ అమ్మ వస్తది" అంటూ మూడు నెలలు నెట్టుకొచ్చాను.

చివరికి నా తెలివికి నేనే మురిసిపోయి ఒక పని చేశాను. చిరిగిన వీధి పరదా వెనకవైపు ఆ ఇల్లు వేశాను. ఎర్రమట్టి జాజు పూసిన అరుగు, కప్పు మీద సొరతీగ, వాకిట్లో రోలు. పొద్దుటి ఎండ కోసం పసుపులో చిటికెడు ఎరుపు కలిపాను. నాటకంలో ఆ రంగు పడితే చూసేవాళ్లకు ఇల్లు చేరినట్టుంటుంది. తెల్లారగానే ఆమె మంచానికి ఎదురుగా గోడకు కట్టాను.

దేవమ్మ దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది.

"గదిగో మా రోలు! సొరకాయ గూడ ఏసినవ్" అని ఎన్నాళ్లకో నవ్వింది. ఆ మురికి గది కాసేపు నిజంగా ఇల్లయింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"పగటిపూట మా ఇంటి తలుపెందుకు మూసినవ్?"

"మా పనిల గంతే. తెరిచిన తలుపేస్తే జనం దాని లోపలికే సూస్తరు, ఏషగాళ్లను సూడరు" అన్నాను.

నిజమే చెప్పాను. పదిహేనేళ్లుగా మూసిన తలుపులే వేశాను. అలవాటున చెయ్యి ఈ ఇంటికీ అదే వేసింది. నా మతి మండ!

"మా అమ్మ బతికుండంగ పగలు తలుపేసింది లేదు" అంటూ నా ముఖంలోకి చూసింది. "అమ్మ లేదు గదా?"

వేలమంది ముందు లేని కోటలు నిలబెట్టిన నాకు ఒక్క అబద్ధం నోటికి రాలేదు. ఏడ్చేశాను.

"ఎన్ని దినాలైంది?"

"మూడు నెలలు."

"కన్నబిడ్డ ఏడ్వకుంటనే పోయిందా మా అమ్మ?"

గోడ పట్టుకుని లేచింది. పరదా దగ్గరికి వెళ్లి ఆ తలుపును అరచేత్తో బాదుతూ, "అమ్మా, తలుపు తియ్యవే!" అని గొంతెత్తి ఏడ్చింది. ఆపే హక్కు నాకు లేదనిపించింది.

మర్నాడు ఆ తలుపు తెరిచి వేద్దామని కుంచె పట్టుకుని కూర్చున్నాను. లోపల ఏం వేయాలో తెలియలేదు.