అన్నయ్య సాక్ష్యం

విమానం పొలంలో దిగినా ప్రాణాలు దక్కినందుకు మా ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. దింపింది నేనే. దిండి రిసార్టుకు వచ్చినవాళ్లను చిన్న విమానంలో ఎక్కించి గోదావరి పాయల మీద తిప్పడం నా ఉద్యోగం. ఆ రోజు రాజోలు దాటాక ఇంజను బలం ఒక్కసారిగా పడిపోయింది. కిందంతా కొబ్బరి తోటలే. కోత కోసిన చేను ఒక్కటి కనబడితే అందులో దించాను. గట్టు తగిలి ముందు చక్రం ఊడింది గానీ అందరం బతికి బయటపడ్డాం.

కంపెనీ మాత్రం తప్పు పైలట్‌దేనని అందరితో చెప్పి, విచారణ తేలేవరకు నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. తప్పు నాదేనని తేలితే ఇక నేను విమానం ముట్టుకునేది లేదు. నాకూ అనుమానం పట్టుకుంది. నా చేతులే ఏదో చేశాయేమోనని ఆలోచించి ఆలోచించి అన్నం సహించడం లేదు.

నన్ను ఓదార్చింది మా అన్నయ్య రాజ్ కుమార్. ఆ విమానానికి మెకానిక్కు అన్నయ్యే, ఆ ఉద్యోగం నాకు ఇప్పించిందీ అన్నయ్యే. రోజూ నా పక్క సీట్లో కూర్చుని వచ్చేవాడు. ఆ రోజు మాత్రం కడుపులో బాగోలేదని ఆగిపోయాడు. “పోన్లే చెల్లాయ్, పొరపాటు ఎవరికైనా జరుగుద్ది,” అని నా తల నిమిరేవాడు. ఎంత మంచివాడోనని ఏడ్చాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కూడికలో పాటలయ్యాక దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు పాస్టరు గారు. మావాళ్లకు సాక్ష్యమంటే మహా సరదా. దేవుడు ఎవరితో ఎక్కువ మాట్లాడితే వాళ్లు అంత గొప్ప. అన్నయ్య ఇస్త్రీ చొక్కాతో లేచి మైకు అందుకున్నాడు.

“ప్రభువు నాకు చేసిన మేలు చెప్తానండి. ముందు రోజు సాయంత్రం ఇంజను నడిపి చూస్తే ఆగి ఆగి కొట్టుకుందండి. ఓనరు గారికి చెప్పేను. రేపటి ట్రిప్పు కానిచ్చి చూద్దాంలే అన్నారు. ఆ రాత్రి ప్రార్థనలో ప్రభువు నాతో మాటాడేరండి. ‘కుమారుడా, రేపు నువ్వు ఎక్కొద్దు’ అన్నారు. ఎక్కలేదు. ఇవాళ మీ ముందు సజీవంగా ఉన్నానండి!”

“స్తోత్రం!” అని షామియానా మారుమోగింది. కొడుకు దక్కాడని కళ్లు తుడుచుకుంటూ మా అమ్మ జ్ఞానమ్మ అందరికంటే గట్టిగా అంది.

నా ఒళ్లు మండిపోయింది. తెలుసన్నమాట. తెలిసే నన్ను ఎక్కించి, కింద నిలబడి చెయ్యి ఊపాడు. తర్వాత వచ్చి నన్ను క్షమించాడు కూడా!

“బ్లెస్సమ్మా, నువ్వూ నీ సాక్ష్యం చెప్పమ్మా,” అన్నారు పాస్టరు గారు.

మైకు తీసుకున్నాను. అన్నయ్య నన్ను చూసి నవ్వాడు. తనేం చెప్పాడో తనకే ఇంకా తెలియలేదు పాపం.

“నాకు ఎవరూ చెప్పలేదండి,” అన్నాను. “అన్నయ్య ఓనరుకి చెప్పేడు. ప్రభువు అన్నయ్యకి చెప్పేరు. నేను పక్క గదిలోనే పడుకున్నానండి. నాకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.”

అమ్మ లేచి అన్నయ్య దగ్గరికి వెళ్లింది.

“ఏరా, చెల్లికి చెప్పలేదా?”

అన్నయ్య పాస్టరు గారి వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

“ప్రభువు నన్ను ఎక్కొద్దన్నారమ్మా,” అన్నాడు. “చెల్లాయ్ సంగతి ఏం అనలేదు.”