వీరరాఘవయ్య తిప్పిన చక్రం

రాజేంద్రప్రసాద్ గారూ, వీరరాఘవయ్యను చంపింది రేకుల కప్పు కాదు, మీరు. చంపి ఊరుకున్నారా? దొంగ అని కేసు పెట్టించారు.

విస్సన్నపేట రోడ్డులో మీ ఇనుప చువ్వల మిల్లు మూతపడి ఆరేళ్లు. ఆ రోజు గేటు దగ్గర మా అందరి ముందు మీరే అన్నారు: "ఆరు నెలల్లో తెరుస్తా. రాఘవయ్యా, మిషన్లు జాగ్రత్త!" మేం నాలుగు రోజులు మిమ్మల్ని తిట్టుకుని తలోదారి పట్టాం. ఆయన మాత్రం ఆ మాటను ఆర్డరనుకున్నాడు.

పద్దెనిమిదేళ్లు రోలర్ల దగ్గర నిలబడ్డ మనిషి. కొలిమిలో కాలిన చువ్వ ఎర్రగా దూసుకొస్తే పటకారుతో మెడ పట్టి, వెనక్కి తిప్పి, రెండో గాడిలో పెట్టేవాడు. మిల్లు పోయాక రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు ఏరాడు. "చల్లటి పని బావా, చేసినట్టే ఉండదు" అనేవాడు నాతో.

ప్రతి శుక్రవారం పొద్దున్నే కూలిన గోడ సందులోంచి మిల్లులోకి దూరేవాడు. తిరగని రోలరు తుప్పుతో పట్టేస్తుంది. అందుకని గ్రీజు పెట్టి, పెద్ద చక్రాన్ని గడ్డపారతో ఎగదోసి ఒక్క చుట్టు తిప్పి వచ్చేవాడు. ఒకసారి నేనూ వెళ్లాను. కొలిమిలో తుమ్మ మొలిచింది. దూలాల నిండా పావురాలు. అయినా చక్రం కదిలి రోలర్లు గుర్రుమనేసరికి నా చేతులు పటకారు కోసం వెతుక్కున్నాయి. సిగ్గేసింది. మళ్లీ రావాలనీ అనిపించింది.

"నా తలకు చుక్క నూనె తేడు అన్నయ్యా, దానికి మాత్రం డబ్బాలకు డబ్బాలు! ఆ మిల్లే ఈయన పెద్దపెళ్లాం" అని మాణిక్యమ్మ ఎత్తిపొడిచేది.

"నువ్వలిగితే బతిమాలుకుంటా. అదలిగితే ఇక తిరగదే!" అని నవ్వేవాడు మొగుడు.

మీరు మళ్లీ తెరవరని నాకు తెలుసు. ఆ మాట ఆయన మొహం మీద చెప్పలేకపోయాను. ఆ పాపం నాది, ఒప్పుకుంటున్నా.

పోయిన నెల మీరు మిల్లును తుక్కు కింద అమ్మేశారు. ఎవరికీ చెప్పలేదు. కొన్నవాళ్లు కప్పు మోసే దూలాలు సగం కోసి వదిలేసి పోయారు. గోడకు ఒక చీటీ అంటించిన పాపాన పోలేదు. శుక్రవారం ఆయన వెళ్లాడు, చక్రం తిప్పాడు. ఆ అదురుకు కప్పు ఆయన మీదికి దిగింది.

మేం స్టేషన్‌కు వెళ్లేసరికే మీ గుమాస్తా ఫిర్యాదు బల్ల మీదుంది: తుక్కు దొంగతనానికొచ్చి చచ్చాడని. ఎస్సై గడ్డపార చూపించి, "ఇదేంటమ్మా మరి?" అన్నాడు.

మాణిక్యమ్మ ఏడవలేదు. "దొంగైతే ఇనుము మోసుకొస్తాడు సార్. గ్రీజు డబ్బా మోసుకెళ్తాడా అండి?"

అయినా ఫిర్యాదు కాగితం మారలేదు. కూతురు వినీల కాలేజీ మానేసింది. బస్సులో ఎవరో "తుక్కు రాఘవయ్య కూతురు" అన్నారట.

మిల్లు గేటుకు అడ్డంగా కూర్చున్నాం. ఒక్క రేకు కదలనివ్వం. రేపే రండి. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. "నేను చెప్పిన పని చేస్తూనే పోయాడు" అని మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, మాణిక్యమ్మ చేతికి మీరే ఇవ్వండి. గుమాస్తాను పంపొద్దు.