అక్క ఇండెక్స్

మా తమ్ముణ్ణి ఇంట్లో అందరం పెద్దమనిషి అంటాం. చిన్నప్పుడు ఎవరూ చెప్పకుండానే బడికి టై కట్టుకుని బయల్దేరేవాడు, అప్పటి పేరది. ఇప్పుడు టై పోయింది, షేర్లు వచ్చాయి. ఆఫీసు పని అయ్యాక షేర్లు, ఆఫీసు పని మధ్యలోనూ షేర్లే. కానీ ఆదివారం పొద్దున నాకు ఫోన్ చేయడం మాత్రం మానడు. నేను సిటీ బస్సు నడుపుతాను. ఆదివారం నాకు సెలవని వాడికి తెలుసు.

"తిన్నావా అక్కా?" అంటాడు ముందు. ఆ తర్వాత, "మందు దొరికిందా?"

ఆ రెండో ప్రశ్నకి కరిగిపోయేదాన్ని. మా ఆయన పోయాక నా ఒంట్లో ఎలా ఉందో అడిగే దిక్కు వీడొక్కడే కదా అని మురిసిపోయేదాన్ని. ఎంత వెర్రిదాన్నో.

మందు సంగతి చెప్పాలి. చిన్నప్పటి నుంచీ నాకు షుగర్. మాత్రలతో లొంగేది కాదు, రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాల్సిందే. ఏవేవో వాడాక చివరికి ఒక్క పాత ఇన్సులిన్ నా ఒంటికి పడింది. ఎంత తింటే ఎంత ఎక్కించుకోవాలో, ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో దాని గుణమంతా నాకు తెలుసు. దాని పుణ్యాన బస్సు నడుపుతున్నాను. డ్యూటీ ఎక్కేముందు డిపో నర్సు వేలు పొడిచి చూస్తుంది. ఉన్నట్టుండి షుగర్ పడిపోయే మనిషి చేతికి స్టీరింగ్ ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. వెనక బస్సు నిండా జనం ఉంటారు.

ఆ మందు చేసే కంపెనీ కొత్తది తెచ్చింది. వారానికి ఒక్కసారి పొడుచుకుంటే చాలట. ప్రకటనలో ఒకావిడ సముద్రం ఒడ్డున పరిగెడుతూ నవ్వుతుంటుంది. ఆ నవ్వు మొదలైన దగ్గర్నుంచీ నా పాత మందు షాపుల్లో కనపడటం మానేసింది.

"రోజూ పొడుచుకునే బాధ తప్పుతుంది కదక్కా, ఒక్కసారి వాడి చూడు" అన్నాడు పెద్దమనిషి.

వాడి చూశాను. ఒకసారి ఎక్కిందంటే వారమంతా ఒంట్లోనే కూర్చుంటుంది, తగ్గించుకుందామన్నా మన చేతిలో ఉండదు. రెండో రోజో మూడో రోజో, పెద్ద కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగాను. ఎర్రదీపం రెండుగా కనిపించింది. చేతులు వణుకుతూ, చెమటకి స్టీరింగ్ మీద జారిపోతున్నాయి. బస్సు పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, జేబులో గ్లూకోజ్ పొడి నోట్లో పోసుకున్నాను. వెనకనుంచి ఒకాయన, నిద్రపోతున్నావా అని కేకలేశాడు. డిపోకి వెళ్లి నర్సుకి చెప్పాను. ఇంకోసారి ఇలా అయితే సీటు పోతుందని ఆవిడ మొహం మీదే చెప్పింది. డాక్టరు మళ్లీ పాతదే వాడమన్నాడు. రాయడానికి ఆయనకేం, రాశాడు. తెచ్చుకోవాల్సింది నేను.

ఇదంతా ఆదివారం తమ్ముడికి చెప్పుకున్నాను. ఏ షాపులో లేదన్నారు, ఎవరు ఎప్పుడొస్తుందన్నారు, ఎంతమంది నాలాగే తిరుగుతున్నారు, అన్నీ. వాడు ఓపిగ్గా విన్నాడు. మధ్యమధ్యలో "హోల్‌సేల్ వాళ్లు కూడా లేదన్నారా?" అని అడిగాడు. నా కోసం ఎంత ఆరా తీస్తున్నాడో అనుకున్నాను.

ఆ కంపెనీ వార్షిక సమావేశం ఒక బుధవారం పడింది. వాటాదారులు ఇంట్లో కూర్చునే ఫోన్లో చూడొచ్చు, ముందుగా పేరిచ్చినవాళ్లు ప్రశ్న అడగొచ్చు. ఆ షేర్లు తన దగ్గరా కొన్ని ఉన్నాయని పెద్దమనిషి పేరిచ్చాడు. వాళ్లింట్లో నెట్ పోయిందని పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. నాకు మధ్యాహ్నం డ్యూటీ. వాడి ఫోన్ మా టీవీకి కలిపి, సోఫాలో కాళ్లు చాపుకున్నాడు.

"ఒరే, పాత మందు ఎందుకు ఆపేస్తున్నారో అడగరా" అన్నాను.

"చూద్దాంలే అక్కా" అన్నాడు.

టీవీలో చైర్మన్ మాట్లాడుతున్నాడు. రోగుల ప్రయాణంలో తోడుగా ఉంటామంటున్నాడు. ఏ ప్రయాణమో, మా బస్సులోనైతే కాదు. అంతలో ఆయన నుదుటి మీద ఒక చిన్న పెట్టె వెలిగింది, వాడి షేర్ల గ్రూపులో మెసేజ్. పెద్దమనిషి ఫోన్లో వచ్చేదంతా మా టీవీలోనూ కనపడుతుందని ఆ తెలివిమంతుడికి తట్టలేదు.

"గురూ, ఈ వారం అక్క ఇండెక్స్ ఎలా ఉంది?"

దాని కింద ఇంకొకడి జవాబు. "ఆదివారమే చెప్పాడుగా. నాలుగు షాపులు తిరిగినా దొరకలేదట. పాతది పోతోంది, కొత్తదానికి ఎదురులేదు. నేను ఇంకాసిని కొన్నా."

"అక్క చల్లగా ఉండాలి." పక్కన నవ్వే బొమ్మలు.

వాడు ఫోన్ మీదికి ఎగబడ్డాడు. కంగారులో అది జారి సోఫా కిందికి పోయింది. టీవీలో నవ్వే బొమ్మలు వస్తూనే ఉన్నాయి.

"అక్కంటే ఎవర్రా?"

వాడు టీవీ రిమోట్ కోసం తడుముకున్నాడు.

"నిన్నే. ఎవరా అక్క?"

"నీ పేరెక్కడా చెప్పలేదక్కా. మార్కెట్లో ఏం జరుగుతోందో తెలియాలి కదా. నువ్వు చెప్పింది ఊరికే..."

"సిగ్నల్ దగ్గర నా చేతులు వణికిన సంగతి చెప్పావా?"

"అది చెప్పలేదు."

"ఎందుకు?"

ఎందుకో నాకు అర్థమైంది. అది చెబితే కొత్త మందు మీద అనుమానం వస్తుంది, రేటు పడుతుంది. నేను షాపుల వెంట తిరగడం వాళ్లకి పనికొస్తుంది, నా వణుకు పనికిరాదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని ఆదివారాలు వీడు అడిగింది నా మందు సంగతి కాదు. కొనాలో అమ్మాలో అడిగాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో వాడి పేరు పిలిచారు. సోఫా కింద చెయ్యి పెట్టి ఫోన్ తీశాను. వాడు అడ్డం రాలేదు, అంతవరకు నయం.

"నేను వాటాదారుణ్ణి కాను, ఆయన అక్కని" అన్నాను. "మీ పాత ఇన్సులిన్ మీద బతుకుతున్నాను. బస్సు నడుపుతాను. మీ కొత్తది వేసుకుంటే స్టీరింగ్ మీదే కళ్లు తిరిగాయి. కొత్తది అమ్ముకోండి, నేను వద్దనను. పాతది ఎందుకు ఆపుతున్నారు? నాలాంటివాళ్లం ఏం వేసుకోవాలి?"

చైర్మన్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "మీ అనుభవం మాకు ఎంతో విలువైనది" అన్నాడు. "పాత ఉత్పత్తిని ఈ ఏడాది చివరికి పూర్తిగా నిలిపివేస్తున్నాం. రోగుల సౌకర్యమే మా ధ్యేయం. తర్వాతి వాటాదారు?"

నా నోట్లో మాట ఉండగానే మైకు కోసేశారు. ఆయన నుదుటి మీద మళ్లీ పెట్టె వెలిగింది.

"పూర్తిగా ఆపేస్తున్నామని చైర్మన్ నోటితోనే అన్నాడు. ఇంకేం కావాలి? కొంటున్నా."

"లైవ్‌లో అక్క. అదరగొట్టింది."

నా కోపం కూడా వాళ్లకి లాభమే.

"అన్నీ అమ్మేస్తానక్కా, ఇవాళే" అన్నాడు పెద్దమనిషి. కళ్లలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు నిజమే, వాడికి నేనంటే ప్రేమే. ఆ ప్రేమ చూసే నాకు ఇంకా ఒళ్లు మండింది.

"అమ్ముకో. నీ దగ్గర కొనేవాడికీ ఎక్కడో ఒక అక్క ఉంటుంది. ఇక వెళ్లు, నాకు డ్యూటీ టైమైంది."

పాత మందు ఆఖరి బొట్టు వరకూ వాడుకున్నాను. తర్వాత గత్యంతరం లేక ఆ వారం మందుకే మారి, నేనే నర్సు దగ్గరికి వెళ్లి చెప్పాను. మందు మారితే, ఒళ్లు కుదుటపడే దాకా బస్సు ఎక్కనివ్వరు. నన్ను పాసుల కౌంటర్లో కూర్చోబెట్టారు. కిటికీలోంచి నా బస్సు కనపడుతుంది. దాన్ని ఇప్పుడు ఎవరో కొత్తతను నడుపుతున్నాడు, మలుపులో గేరు గొంతు పిసికేస్తున్నాడు.

ఆదివారం ఫోన్ మోగింది.

"తిన్నావా అక్కా?" అన్నాడు పెద్దమనిషి. ఆ తర్వాత ఏమనాలో తోచక ఆగిపోయాడు.

"అడగరా, ఆగిపోయావేం?"

"అన్నీ అమ్మేశానక్కా. ఆ గ్రూపులోంచి కూడా వచ్చేస్తున్నా."

"వచ్చేముందు ఒక్క మాట రాసి రా" అన్నాను. "పాత మందు అయిపోయి అక్క బస్సు దిగిపోయిందని రాయి. రేపు పొద్దున రేటు పెరుగుతుంది."