లెక్కలోకి రాని తూటా

వెర్లిన్ స్కార్ దృష్టిలో కొట్లో తూటాలు కొనుక్కునేవాడు మనిషే కాదు. ఇంటి కింది గదిలో బల్ల వేసుకుని, వాడేసిన ఇత్తడి గొట్టాల్లో మందు గింజ గింజ తూచి పోసి, గుండు బిగించి, తన తూటా తానే చేసుకునేవాడే మగాడు. మోంటానాలోని ఆ చిన్న ఊరి షూటింగ్ రేంజ్‌లో ఆయన ఇరవై ఏళ్లుగా ఇదే చెబుతున్నాడు. వినేవాళ్లు మారారు గాని కోతలు మారలేదు.

ఆయన అన్న కూతురు మార్లీస్‌కు ఈ ఏడాది ఆ కోతలు వినక తప్పలేదు. ఊళ్ల వెంట ఉత్తరాలు పంచే మార్లీస్ మూస్ దుప్పి వేట పర్మిట్ కోసం పందొమ్మిదేళ్లుగా లాటరీలో పేరు వేస్తోంది. ఈసారి తగిలింది. ఒక్క పర్మిట్, ఒక్క దుప్పి. మళ్లీ తగలాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. గుండు పూర్తిగా తప్పిపోయినా ఆమె ఏడ్చి ఊరుకుంటుంది. తగలరాని చోట తగిలి, ఆ జంతువు చిత్తడి పొదల్లోకి కుంటుకుంటూ పోయి చావలేక చస్తే మాత్రం తట్టుకోలేదు. వెర్లిన్ యాభై తూటాలు చేసి తెచ్చి, మూడు కాలిస్తే మూడు గుండ్లూ ఒకే బెజ్జంలో పడతాయని హామీ ఇచ్చాడు. పరీక్షించాకే తీసుకుంటానంది ఆమె. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

శనివారం పొద్దున ఇసుక సంచుల మీద తుపాకి ఆనించి, నూరు గజాల అవతలి కాగితం మీద మూడు కాల్చింది. రెండు పక్కపక్కన పడ్డాయి, మూడోది నాలుగు వేళ్ల అవతల. గాలి అన్నాడు వెర్లిన్. రేంజ్ జెండా కర్రకు అతుక్కుని వేలాడుతోంది. పక్క కాగితం మీద ఇంకో మూడు కాల్చింది. మళ్లీ రెండు కలిసి, ఒకటి విడిగా. నువ్వు ట్రిగ్గర్ గుంజావు అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న రకం. అయితే నువ్వే కాల్చమని ఆమె లేచింది. ఆయన కూర్చుని, గడ్డం సవరించుకుని, మూడో కాగితం మీద మూడు కాల్చాడు. రెండు ఒకదాన్నొకటి తాకాయి. మూడోది అన్నిటికన్నా దూరం. ఈసారి తప్పు వేడెక్కిన తుపాకి గొట్టానిదట.

కాల్పులు ఆపి ఇద్దరూ కాగితాల దగ్గరికి నడిచారు. ఒకే కాగితాన్ని మళ్లీ వాడుకోవడానికి పాత బెజ్జాల మీద అంటించే బిళ్లలు రేంజ్‌లో అందరి జేబుల్లోనూ ఉంటాయి. వెర్లిన్ ఒక బిళ్ల పీకి, తన కాగితంలో దూరంగా పడ్డ బెజ్జం మీద మాత్రం అంటించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, మిగిలిన రెంటినీ మురిపెంగా చూసుకున్నాడు.

"చూశావా? అది లెక్కలోకి రాదు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాడితో సర్దుకోవచ్చు. ఈయన నాలుగో కాలు కళ్ల ముందే దాచేస్తున్నాడు. మార్లీస్‌కు ముందు నవ్వొచ్చింది, తర్వాత రోత పుట్టింది. ఆమె మొహం చూసి ఆయన పంతం కొద్దీ పర్సులోంచి తాను ఎప్పుడో కాల్చిన గురి కాగితం మడత తీసి ఆమె చేతిలో పెట్టాడు. దూరం నుంచి దాన్ని చూడనివాడు ఊళ్లో లేడు. మూడు బెజ్జాలు, ఒక్క నాణెం కింద దాగేటంత దగ్గరగా. ఇన్నాళ్లూ ఎవరి చేతికీ ఇచ్చింది మాత్రం లేదు. ఆమె బొటనవేలికి రెండు చోట్ల ఎత్తుగా తగిలింది. తిప్పి చూస్తే బిళ్లల వెనక ఇంకో రెండు బెజ్జాలు.

ఆ రోజు ఐదు కాల్చాడన్నమాట. ఆయన మొహంలో దొరికిపోయిన దొంగ జంకైనా లేదు. నిజంగానే మరిచిపోయాడు. ఆమెకు ఒళ్లు మండింది అందుకే.

"పోయినేడు నువ్వు కొట్టిన ఎల్క్ జింక వెనక కాలు ఈడ్చుకుంటూ గట్టు దాటిపోయింది. దానికి ఏ బిళ్ల అంటించావు బాబాయ్?"

వెర్లిన్ మడత కాగితం లాక్కుని పర్సులో పెట్టేసుకున్నాడు. ఆ ఎల్క్ నెత్తుటి చుక్కల వెంట రెండు రోజులు వెతికింది మార్లీసే. ఈయన ఇంట్లో మోకాలి నొప్పి అని పడుకున్నాడు.

ఆమె కారులోంచి కొట్లో కొన్న తూటాల పెట్టె తెచ్చి, కొత్త కాగితం మీద పది కాల్చింది. తొమ్మిది అరచేతిలో ఇమిడేలా పడ్డాయి, పదోది రెండు వేళ్ల అవతల. గొప్పేమీ కాదు, ఉన్నది ఉన్నట్టు అంతే. వెర్లిన్ వెంట వచ్చి చూశాడు. ఆయనకు జాలేసిందో, అలవాటో, ఇంకో బిళ్ల పీకాడు.

"చెయ్యి వణికింది నీకు. ఇది లెక్కలోకి రాదులే అమ్మాయ్."

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"అదీ నాదే. దుప్పికి ఎంత దగ్గరగా పోవాలో నాకు చెప్పేది అదే." చెయ్యి వదిలి, కాగితం ఊడదీసుకుంది. "వేటకు వస్తే రా బాబాయ్, మాంసం మోయడానికి మనిషి కావాలి. తుపాకి మాత్రం ఇంట్లో పెట్టి రా."