మాస్టారి వెనకాల వెళ్ళిన పిల్ల

హైస్కూల్లో చేరిన మొదటి రోజునే కామాక్షి స్కూలంతా నవ్వుకునే పని చేసింది.

అది తొంభై ఐదో సంవత్సరం జూన్ నెల. కాలవలకి అప్పుడప్పుడే నీళ్ళొదిలారు. రాజోలు దగ్గర ఆ ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలంటే రెండు గదులు, ఒక వరండా, సుగుణ టీచరుగారు. చిన్న తరగతులకి వేరే మాస్టారున్నా మూడు నుంచి ఐదు దాకా అన్నీ ఆవిడే. ఎక్కాలు అప్పజెప్పించుకునేది ఆవిడే, పాఠం చదివించేది ఆవిడే, కామాక్షి పన్ను ఊడితే దాన్ని ఇంటి కప్పు మీదికి విసిరెయ్యమని చెప్పి పంపింది కూడా ఆవిడే. పొద్దున్న బస్సు దిగి వచ్చి ఆవిడ వరండాలో చెప్పులు విడిస్తే బడి మొదలైనట్టు, సాయంత్రం మళ్ళీ తొడుక్కుంటే అయిపోయినట్టు. గంటతో ఎవరికీ పనుండేది కాదు.

హైస్కూలు కాలవ వంతెన అవతల ఉంది. పొడుగ్గా రైలుపెట్టెల్లా గదులు, ఎటు చూసినా పెద్ద పిల్లలు. మొదటి పీరియడ్‌కి తెలుగు మాస్టారు సత్యనారాయణమూర్తిగారు వచ్చారు. అందరి పేర్లూ అడిగారు. కామాక్షి పేరు విని చక్కని పేరమ్మా అన్నారు. ఆ మాటతో పొద్దుటి నుంచీ ఉన్న బెదురు కాస్త తగ్గింది. ఇంతలో గంట కొట్టారు. ఆయన హాజరు పట్టీ చంకన పెట్టుకుని బయటికి నడిచారు.

కామాక్షి కూడా సంచీ సర్దుకుని ఆయన వెనకాలే నడిచింది. టీచరు ఎక్కడుంటే బడి అక్కడే కదా! ఆయన వెళ్ళి తొమ్మిదో తరగతిలో దూరారు. కామాక్షీ దూరి, ముందు బెంచీ పక్కన నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చుంది. తరగతంతా గొల్లుమంది. మాస్టారు వెనక్కి తిరిగి చూసి, ఇక్కడికెందుకొచ్చేవమ్మా అని మెల్లిగానే అడిగారు.

"మీ కూడా వచ్చేనండి" అంది కామాక్షి.

ఆయన నవ్వలేదు. చెయ్యి పట్టుకుని ఆరో తరగతికి తీసుకొచ్చి దిగబెట్టారు. అప్పటికే అక్కడ ఎవరో కొత్తాయన బోర్డు మీద లెక్క వేస్తున్నారు. మధ్యాహ్నానికల్లా ఆ పిల్లకి 'మాస్టారి తోక' అని పేరు పడిపోయింది. అన్నానికని ఇంటికొచ్చిన కామాక్షి మళ్ళీ గుమ్మం దాటలేదు.

తల్లి కువైట్‌లో ఉంది. తండ్రి పాపారావు చెట్లెక్కి కొబ్బరి దింపులు తీస్తాడు. నాయనమ్మ బతిమాలింది, తండ్రి కేకలేశాడు, పిల్ల కదల్లేదు. చివరికి సుగుణ టీచరుగారి దగ్గరికే తీసుకొచ్చాడు.

"సచ్చినా ఎల్లనంటందండి. మీ మాటయితే ఇంటాదేమోనండి" అన్నాడు వరండా కింద నిలబడి.

ఆవిడ కామాక్షిని పక్కన కూర్చోబెట్టుకుని ఏం జరిగిందో అడిగారు. ఆ పిల్ల ఒక్కసారిగా ఏడ్చింది.

"గంట కొట్టగానే ఎల్లిపోయేరండి. ఆరెల్తే ఈరు, ఈరెల్తే ఇంకోరు. ఒక్కరూ ఉండలేదండి. మేవేం తప్పు చేసేవోనండి."

సుగుణగారు ఆ పిల్ల తల నిమిరారు. బడికి వెళ్ళమని చెప్పలేదు. లోపలికి తీసుకెళ్ళి ఐదో తరగతి పిల్లల ముందు నిలబెట్టి, అక్క హైస్కూలు చూసొచ్చింది, ఏమడుగుతారో అడగండి అన్నారు. పిల్లలకి అదే కావాలి. ఎంతమంది టీచర్లు, ఎవరు కొడతారు, మంచినీళ్ళెక్కడ, ఆడపిల్లలు పాసుకెక్కడికెళ్ళాలి? బేబి అనే పిల్లయితే, గంట కొట్టేక ఆ మాస్టార్లంతా ఎక్కడికెళ్తారని అడిగింది. కామాక్షికి ఒక్కదానికీ జవాబు తెలీదు.

"తెలుసుకుని శనివారం వచ్చి చెప్పమ్మా. మళ్ళీ ఏడు వీళ్ళెళ్ళేది అక్కడికే కదా" అన్నారు సుగుణగారు.

"ఆయ్" అంది కామాక్షి, ముక్కు తుడుచుకుంటూ.

అలా మళ్ళీ వంతెన దాటింది. చదువుకోడానికని కాదు, చూసి చెప్పడానికి. తోక అని పిలిచినా పట్టించుకునే తీరిక లేదు. మాస్టార్లందరూ గంట కొట్టాక ఒక్కో తరగతికీ వంతులవారీగా తిరుగుతారనీ, ఎవరి మీదా కోపంతో కాదనీ తెలిసింది. లెక్కల మాస్టారి గొంతే పెద్దది, చెయ్యి ఎత్తరు. సైన్సు మేడంగారి బీరువాలో అస్థిపంజరం బొమ్మ ఉంది. ప్రతి శనివారం సాయంత్రం ఎలిమెంటరీ స్కూలు వరండాలో కూర్చుని కామాక్షి ఇవన్నీ చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు.

వేసవి దగ్గర పడ్డాక ఆ శనివారం సాయంత్రాలే సుగుణగారు ఐదో తరగతికి పీరియడ్లు పెట్టారు. గంట కొట్టించి ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయి, వెనక గుమ్మంలోంచి ఇంకొకరిలా వచ్చేవారు. కొంగు బిగించి, కళ్ళజోడు ముక్కు చివరికి లాగి, గొంతు బొంగురు చేస్తే లెక్కల మాస్టారు. లెక్కల మాస్టారు అలా నవ్వరండీ అని కామాక్షి దిద్దేది. ఆవిడ మళ్ళీ బయటికెళ్ళి, నవ్వకుండా వచ్చేవారు.

మళ్ళీ జూన్‌లో బేబి వాళ్ళు హైస్కూలుకి వచ్చారు. మొదటి గంట కొట్టి మాస్టారు వెళ్ళిపోగానే వేరే ఊరి పిల్ల ఒకతె బిక్కమొహం వేస్తే, కంగారుపడకు, ఇంకొకాయన వస్తారు అని బేబి సర్దిచెప్పిందట. ఆ ఏడు వాళ్ళ ఊరి పిల్లల్లో ఒక్కరూ బడి మానలేదు.

రెండు వేల ఆరులో అమలాపురం బస్టాండులో కామాక్షికి సుగుణగారు కనబడ్డారు. కామాక్షి అప్పుడు నర్సింగు చదువుతోంది, ఆవిడ రిటైరయ్యారు. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ పీరియడ్లాట ఎన్నాళ్ళు సాగిందండీ అని అడిగితే, చివరి ఏడు దాకా ఆడేనమ్మా అన్నారావిడ.

ఆవిడే మళ్ళీ అన్నారు.

"నీకు ముందు కూడా ఏటా ఇద్దరు ముగ్గురు హైస్కూల్లో చేరి ఆగిపోయేవారు. ఇళ్ళల్లో ఇబ్బందులనుకునేదాన్ని. తెలివి చాల్లేదేమో అని కూడా అనుకునేదాన్ని. ఫలానా దానికి భయమేసిందని ఒక్కరూ వచ్చి చెప్పలేదు. నువ్వొక్కదానివే చెప్పేవు."

 కామాక్షి ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. రాజోలు బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు. ఇంకో బస్సుంది కదా అనుకుని, అప్పటి పిల్లల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ కూర్చున్నారు.