గొలుసు పట్టే ఎమిల్

రెండంగుళాల మేకులు తక్కెట్లో పోసి, ముల్లు నిలబడేదాకా ఆగి, పైన ఇంకో గుప్పెడు వేసి కాగితం సంచిలోకి ఒంపాడు ఎమిల్ స్టాంకో. ఆ కొసరు ఎప్పుడూ వేస్తాడు. ఇనుప సామాన్ల కొట్టు యజమాని వాల్ట్ డ్రుగాన్ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. ఎమిల్‌కు అరవై దాటాయి. పొడగరి. భుజాలు కాస్త ముందుకు వంగాయి. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో, కాయకాసి చర్మం పచ్చగా, గట్టిగా ఉంటుంది. అది కొట్టు పనివల్ల వచ్చింది కాదు. ఏటా ఆకులు రాలే కాలంలో, శుక్రవారం సాయంత్రాల్లో, ఫుట్‌బాల్ మైదానం గీత పక్కన గొలుసు కర్ర పట్టుకుని నిలబడితే వచ్చింది.

ఆ రోజూ శుక్రవారమే. నది మీద నవంబరు పొగమంచు ఇంకా విడలేదు. మా స్లేట్ ఫెర్రీలో శుక్రవారాలు ఎవరూ మేకుల కోసం కొట్టుకు రారు, మేకుల వంకతో వస్తారు. సాయంత్రం ఆట గురించి నాలుగు మాటలు అనుకుని, కొన్న మేకులు బల్ల మీదే మరిచిపోయి వెళ్తారు.

మాది చిన్న ఊరు. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంకా చిన్నదైంది. పెన్సిల్వేనియాలో ఈ నది పొడవునా మాకు నాలుగింతలుండే స్కూళ్లున్నాయి. వాళ్లకు మంచి పచ్చిక ఉంది, స్నానాల గదుల్లో వేడినీళ్లున్నాయి. కప్పులు మాత్రం మా దగ్గరున్నాయి. హైస్కూలు వరండాలోని అద్దాల బీరువా చాలక ప్రిన్సిపాలు గదిలోకీ, అదీ చాలక లైబ్రరీలోకీ పాకాయి. 1938లో తోలు టోపీలు పెట్టుకుని ఆడి గెలిచిన జట్టు ఫోటో మంగలి కొట్టులో వేలాడుతుంది. అందులో వాళ్ల పేర్లు వరసగా చెప్పలేని కుర్రాడి చెవి దగ్గర మంగలి కత్తెర ఊరికే ఆడిస్తాడు. యాభైల్లో రెండేళ్లు వరసగా ఒక్క ఆటా ఓడలేదు. ఫ్యాక్టరీ మూసిన ఏడాది ఊళ్లో సగంమందికి జీతాల్లేవు, అయినా కప్పు మాదే. గొప్పలు పోతున్నామని పక్క ఊళ్లవాళ్లంటారు. పోతున్నాం, ఎందుకు పోకూడదు?

ఇంత చరిత్రలో ఎమిల్ ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు. చదువుకునే రోజుల్లో బక్కపలచగా ఉండేవాడు, పైగా దూరం చూపు ఆనేది కాదు. జట్టులోకి తీసుకోలేదు. కానీ మైదానానికి దూరంగా ఉండలేక, ఎవరూ ఒప్పుకోని పనికి ఒప్పుకున్నాడు. మా అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగాలి, లేకపోతే బంతి అవతలివాళ్లకు ఇచ్చేయాలి. సాగిందా లేదా అన్నది తేల్చేది పది గజాల గొలుసు. దాని రెండు కొసలా రెండు కర్రలు, ఒక్కో కర్రకు ఒక్కో మనిషి. జీతం లేదు. పైగా మా మైదానంలో గొలుసువాళ్లు నిలబడేది పరాయి జట్టు వైపు. మావాళ్లను వాళ్లు తిట్టే తిట్లన్నీ వీపు వెనకే వినాలి.

1961లో, గొలుసు పట్టిన తొలి సంవత్సరంలోనే, ఎమిల్ ఒక పొరపాటు చేశాడు. హార్మన్ వ్యాలీ జట్టు మీద ఆట. మావాడొకడు బంతితో తప్పించుకుని దౌడు తీశాడు. ఎమిల్ ఒళ్లు మరిచి, కేకలు పెడుతూ, కర్ర భుజాన వేసుకుని వాడి వెంట గీత పొడవునా పరిగెత్తాడు. అంతలో ఈల వేశారు. ఏదో తప్పు జరిగింది, ఆ పరుగు చెల్లదు, బంతి పాత చోటికే రావాలన్నారు. బంతి వచ్చింది. గొలుసు ఎక్కడుండేదో మాత్రం ఎవరికీ తెలియలేదు. అంపైరు అంచనాగా పెట్టించాడు. తర్వాతి ప్రయత్నంలో మాకు బెత్తెడు తగ్గింది, ఆట పోయింది, ఆ ఏటి కప్పూ పోయింది. ఆ శీతాకాలమంతా మంగలి కొట్టులో ఎమిల్ వంతు ఎంతకీ వచ్చేది కాదు.

ఆ సాయంత్రం అంపైరు అతన్ని పక్కకు పిలిచి, ఈ కర్ర చేతిలో ఉన్నంతసేపూ నువ్వు ఎవరి మనిషివీ కావు, అది గుర్తుంచుకో అన్నాడు. ఎమిల్ గుర్తుంచుకున్నాడు. ఆ తర్వాత మైదానంలో అతని నోటినుంచి మాట విన్నవాళ్లు లేరు. మేం గెలిచిన కప్పులన్నీ చాలా దగ్గరగా చూసింది అతనే, ఒక్కదానికీ చప్పట్లు కొట్టలేదు.

కొడుకు రిచీ ఆడినప్పుడు కూడా అంతే. 1979 కప్పు ఆటలో, ఆఖరి నిమిషంలో, రిచీ బంతి చంకన పెట్టుకుని తండ్రి నిలబడ్డ గీత వెంబడే మైదానమంతా పరిగెత్తాడు. పక్కనుంచి పోతూ ఒక్క క్షణం తండ్రి మొహంలోకి చూశాడు. ఎమిల్ కర్ర మొదలువైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర, చూశావా నాన్నా అని రిచీ అడిగితే, "చూశాను, గీత లోపలే పరిగెత్తావు" అన్నాడు. ఊరంతా నవ్వుకున్న మాట అది. రిచీ మాత్రం నవ్వలేదు.

నిరుడు ముగ్గురు ఆటగాళ్లు వచ్చి మీద పడటంతో ఎమిల్ కాలు విరిగింది. గొలుసు వేరేవాళ్ల చేతికి పోయింది. కాలు అతికించిన డాక్టరు గుండె సంగతి కూడా ఎత్తాడు కానీ ఎమిల్ పెద్దగా పట్టించుకోలేదు. ఈ ఏడు రిచీ పెద్ద కోచ్ అయ్యాడు, జట్టు ఇంతవరకు ఓడలేదు. తండ్రి మాత్రం ఆటలన్నీ వంటింట్లో రేడియోలో విన్నాడు. కర్ర లేకుండా అక్కడికెళ్లి చేతులు ఏం చేసుకోవాలో తెలియదని భార్య లొరెయిన్‌తో అన్నాడు.

మధ్యాహ్నం రిచీ కొట్టుకు వచ్చాడు. ఏమీ కొనలేదు. తలుపు బందుల పెట్టెలో చేయి పెట్టి కెలుకుతూ నిలబడ్డాడు.

"అమ్మ పక్కన చోటుంది. రేడియో విన్నది చాల్లే, ఇవాళ రా."

"మెట్లెక్కలేనురా."

"మా జట్టు ముందు వరసలో దున్నపోతుల్లాంటి వాళ్లు ఐదుగురున్నారు. ఎత్తుకొచ్చి కూచోబెడతారు." గొంతు తగ్గించాడు. "నాన్నా, ఇవాళ వచ్చే హార్మన్ వ్యాలీ వాళ్లు గట్టివాళ్లు. ఓడినా పర్లేదని నీకు అబద్ధం చెప్పను. కానీ నువ్వొక్కసారి అరవాలి. మా వైపు కూచుని. ఒక్కసారి చాలు."

ఎమిల్ తక్కెడ దుమ్ము తుడిచాడు. "ఏమని అరవాలి?"

"నీ ఇష్టం. నోటికేదొస్తే అది."

రిచీ వెళ్లాక ఎమిల్ వెనక గదిలోకి పోయాడు. రంగు డబ్బాల మధ్య నిలబడి, చుట్టూ చూసి, నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. మళ్లీ తెరిచాడు. ఏదో కీచుమంది. పిల్లి దూరిందేమో చూడవయ్యా అని ముందు గదిలోంచి వాల్ట్ కేకేశాడు. ఎమిల్‌కు సిగ్గేసింది. కొడుకు ఇన్నేళ్లకు ఒక్కటి అడిగాడు, అదైనా ఇవ్వలేనేమోనని నిజంగా భయపడ్డాడు. ఆ భయంతోనే సాయంత్రందాకా మేకులు తూచాడు. కొసరు వేయడం ఒకటి రెండుసార్లు మరిచిపోయాడు.

లొరెయిన్ పొద్దున్నుంచీ చర్చి వంటగదిలో మిగతా ఆడవాళ్లతో కలిసి, ఆట దగ్గర అమ్మడానికి బంగాళాదుంప కూరిన పైరోగీ కుడుములు చేసి వచ్చింది. ఒంటికి ఇంకా వెన్న, ఉల్లిపాయల వాసన. మొగుడి చేయి పట్టుకుని మెల్లగా మెట్లెక్కించింది. గొలుసువాళ్ల వైపు నుంచి తప్ప మైదానాన్ని ఎన్నడూ చూడని ఎమిల్‌కు దీపాలు, గీతలు, బ్యాండు అన్నీ తిరగబడినట్టున్నాయి. ఇన్నేళ్లూ మావాళ్ల మొహాలు చూసేవాడు. ఇవాళ వీపులు కనిపిస్తున్నాయి. కింద గీత దగ్గర రిచీ వీపు కనిపించింది. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడటం అచ్చం తనలాగే ఉందని అప్పుడే తెలిసింది.

చుట్టుపక్కల వాళ్లు వదిలిపెట్టలేదు. ఎవరి మనిషివో తేలిందా అని ఒకరు, గొంతుకు తుప్పు పట్టకుండా నూనె వేసుకొచ్చావా అని ఇంకొకరు. ముందు బెంచీలో కూర్చున్న ముసలి టెక్లా వెనక్కి తిరిగి, ఆటల్లో అరుపులకు తోడు మోగించే తన ఆవు గంట అతని ఒళ్లో పెట్టింది.

"నీ నోరు పనిచెయ్యకపోతే ఇది పనిచేస్తుందిలే. తీస్కో."

ఎమిల్ గంటను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడ వేళ కాని వేళ మోగుతుందోనని, ఎడమచేతి ఊలు గ్లోవు తీసి దాని నోట్లో కుక్కాడు.

ఆట మొదటినుంచీ బిగువుగా సాగింది. హార్మన్ వ్యాలీ నాలుగు పాయింట్లు ముందుంది. మావాళ్లు బురదలో జారుతూ, లేస్తూ, వాళ్ల చివరి గీతకు దగ్గరగా వచ్చేసరికి నిమిషం కూడా లేదు. నాలుగో ప్రయత్నం. మావాడు మనుషుల గుట్ట కింద పడ్డాడు. గుట్ట లేచింది. పది గజాలు సాగిందో లేదో ఎవరికీ తెలియలేదు. గొలుసు తెమ్మని అంపైరు చేయూపాడు.

బ్యాండు ఆగింది. అన్ని వేలమందీ ఊపిరి బిగబట్టారు. ఇద్దరు మనుషులు కర్రలు పట్టుకుని మైదానం మధ్యకు వస్తున్నారు. రిచీ గొలుసువైపు చూడటం లేదు. ఒక మోకాలు నేలకానించి, తల వంచుకుని కూర్చున్నాడు. ఆ వంగిన మెడ చూస్తే ఎమిల్‌కు వాడు జ్వరం వచ్చిన పిల్లాడిలా కనిపించాడు. ఎమిల్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో తనకే తెలియదు.

"రిచీ! నేనిక్కడున్నానురా!"

బొంగురు గొంతు, కాస్త చీలింది కూడా. ఆ నిశ్శబ్దంలో నది అవతలికి కూడా వినబడి ఉంటుంది. తలలన్నీ తిరిగాయి. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత స్టాండంతా నవ్వింది. కింద రిచీ వెనక్కి తిరిగి, పైకి చూసి, టోపీ తీసి పట్టుకున్నాడు. ఎమిల్ కూర్చున్నాడు. మొహం కందిపోయింది. కర్ర చేతిలో లేకపోయినా తప్పు చేసినట్టే అనిపించింది, అయినా చాలా సంతోషంగా ఉంది. వేళ కాని వేళ అరిచానా అని లొరెయిన్‌ను అడిగాడు. సరైన వేళకే అరిచావు అంది ఆవిడ, మొగుడి చేయి తన కోటు జేబులోకి లాక్కుంటూ.

గొలుసు బిగిసింది. బంతి ముక్కు కర్ర దాటింది. ఆ తర్వాతి ప్రయత్నంలోనే మావాడు చివరి గీత దాటి పడ్డాడు. ఆరు పాయింట్లు, ఆట మాదే.

స్టాండు మొత్తం లేచింది. బెంచీలు అదిరాయి. టెక్లా ఎవరి మెడనో వాటేసుకుంది. మా వరసలో ఎమిల్ ఒక్కడే లేవలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. మేం గెలిచినప్పుడు అతను ఎన్నడు చప్పట్లు కొట్టాడు గనక? తల లొరెయిన్ వైపు ఒరిగింది, కళ్లు మైదానం మీదే ఉన్నాయి. కోటు జేబులో లొరెయిన్ చేతిని పట్టుకున్న అతని వేళ్లు వదులైనప్పుడు, గోలంతటిలో ముందుగా తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

ఆటగాళ్ల కోసం గేటు దగ్గరుంచిన అంబులెన్సువాళ్లు పైకి వచ్చారు. బ్యాండు మధ్యలోనే ఆగిపోయింది. రిచీ బురద కాళ్లతో మెట్లెక్కి వచ్చి తండ్రి కాళ్లవైపు పట్టుకుని దింపాడు. హార్మన్ వ్యాలీ కుర్రాళ్లు అవతలి గీత దగ్గర, గొలుసువాళ్ల పక్కన, తలలు వంచి నిలబడ్డారు. జనం ఇళ్లకు వెళ్లారు. ఖాళీ బెంచీ మీద టెక్లా ఆవు గంట ఒక పక్కకు ఒరిగి ఉంది, దాని నోట్లో ఎమిల్ ఊలు గ్లోవు ఇంకా బిగించి కుక్కే ఉంది.